ఏడడుగులూ, ఒక సంతకమూ

సంపాదకులు గారు ఈ నెల సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని అడిగినప్పుడు, సెలవుల్లో చూసివచ్చిన ఊళ్ళ గురించి వ్రాద్దామనుకున్నాం. కాని మొన్న మన సంఘంలో ఒక పెళ్ళికి వెళ్ళివచ్చినప్పటినుంచి మా ఇద్దరి మనసులోనూ ఒకే విషయం మెదులుతూ ఉంది.

పెళ్ళి ముచ్చటగా జరిగింది. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు, దేనికీ లోటు లేదు. పులిహోర మన ఊళ్ళో తిన్నట్టే ఉంది. భోజనాల దగ్గర పెళ్ళికొడుకు తండ్రిగారిని, "రిజిస్టరులో సంతకాలు అయ్యాయా అండీ?" అని అడిగాం. ఆయన నవ్వి, "అగ్నిసాక్షిగా చేశాం కదండీ! ఆ కాగితానికేం తొందర, తీరికగా చూసుకోవచ్చు" అన్నారు.

ఆ మాటకు మేము అక్కడ జవాబు చెప్పలేదు. పెళ్ళిపందిట్లో చెప్పే జవాబు కాదు అది. అందుకని ఇక్కడ చెబుతున్నాం.

మేము 1997లో డర్బన్ వచ్చాం. మాలో ఒకరికి ఆసుపత్రిలో పని, ఇంకొకరికి బడిలో లెక్కలు చెప్పే పని. మాకు మొదట దొరికిన ఆప్తురాలు పక్కింటి అక్క. ఆవిడ ముత్తాత మద్రాసు రేవులో ఓడ ఎక్కి చెరకు తోటల్లో కూలికి వచ్చినవాడు. 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మొదటి కూలీలను ఈ తీరంలో దింపింది మొదలు 1911 దాకా అలా వచ్చినవారు లక్షన్నర పైమాటే. వారిలో మన తెలుగువారూ ఎందరో. అక్కకు తెలుగు నాలుగు మాటలే వచ్చు. ఆ నాలుగూ మన విశాఖ పల్లెల యాసలో పలికేది. మమ్మల్ని "ఇండియా తమ్ముడు, ఇండియా చెల్లి" అనేది. శ్రావణ శుక్రవారం ఆవిడ ఇంటి పసుపు కుంకుమ తీసుకోకుండా మాకు పండుగ గడిచేది కాదు.

2005లో ఆవిడ భర్త హఠాత్తుగా పోయారు. పిల్లలు లేరు. విల్లు వ్రాయలేదు. ముప్ఫై ఏళ్ళు ఇద్దరూ కష్టపడి కట్టుకున్న ఇల్లు ఆయన పేరుమీదే ఉంది. పన్నెండో రోజు అయ్యాక అక్కతోపాటు మేము కూడా ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్ళాం. అక్కడి గుమాస్తా మర్యాదస్థుడే. "మ్యారేజి సర్టిఫికేటు ఇవ్వండమ్మా" అన్నాడు. అక్క సంచిలోంచి పెళ్ళి ఆల్బం తీసింది. ఫోటోలో పంతులుగారు, హోమం, మెడలో పుస్తె కడుతున్న భర్త. గుమాస్తా ఫోటోలన్నీ ఓపికగా చూశాడు. చూసి, "అమ్మా, చట్టం దృష్టిలో ఈయనకు పెళ్ళి కాలేదు" అన్నాడు.

అక్క ఏడవలేదు. బయటికి వచ్చాక మమ్మల్ని ఒక్కటే అడిగింది. "అయితే ముప్ఫై ఏళ్ళు నేనెవర్ని?"

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మా పెళ్ళికి కూడా రిజిస్టరు సంతకం లేదు. తిరుపతిలో బంధువుల మధ్య జరిగింది, అంతే. ఆరా తీస్తే తెలిసిన సంగతి మమ్మల్ని మరీ ఆశ్చర్యపరచింది. మన దేశపు 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం సప్తపది పూర్తయితే పెళ్ళి చెల్లుతుంది. ఏ దేశంలో పెళ్ళి జరిగిందో ఆ దేశపు చట్టానికి చెల్లితే, దక్షిణాఫ్రికా కూడా దాన్ని ఒప్పుకుంటుంది. అంటే అవే మంత్రాలు, అదే అగ్ని, అవే ఏడడుగులు. తిరుపతిలో వేస్తే డర్బన్‌లో చెల్లుతాయి. డర్బన్‌లో వేస్తే డర్బన్‌లో చెల్లవు!

ఇది కొత్తగా వచ్చిన చిక్కు కాదు. 1913 మార్చి 14న కేప్ న్యాయస్థానంలో సర్ల్ అనే న్యాయమూర్తి, క్రైస్తవ పద్ధతిలో జరగని, రిజిస్టరు కాని పెళ్ళిళ్ళు ఈ దేశంలో చెల్లవని తీర్పు చెప్పాడు. ఒక్క పూటలో మన తల్లులందరూ చట్టం ముందు పరాయివాళ్ళైపోయారు. గాంధీగారి సత్యాగ్రహంలో ఆడవాళ్ళు జైలుకు నడిచింది ఆ ఏడాదే. మూడు పౌన్ల పన్నుతోపాటు ఈ అవమానం కూడా వారిని కదిలించింది. కస్తూరిబా మూడు నెలల కఠిన శిక్ష అనుభవించారు. వల్లియమ్మ అనే పదహారేళ్ళ పిల్ల జైల్లో జబ్బుపడి, విడుదలైన కొద్దిరోజులకే, 1914 ఫిబ్రవరిలో కన్నుమూసింది. ఆ ఏడాదే వచ్చిన చట్టం పన్ను ఎత్తివేసింది. ఏకపత్నీ వివాహాలను రిజిస్టరు చేసుకోవడానికి వీలిచ్చింది. మన పురోహితులను వివాహాధికారులుగా నియమించే దారి కూడా తెరిచింది. 1961 వివాహ చట్టం కూడా భారతీయ మతాల పద్ధతిలో పెళ్ళి చేయించే అధికారులను నియమించడానికి వీలు కల్పించింది. దారి ఉంది. ఎందరో దానిమీద నడవలేదు, అంతే.

అక్క కథ ఆసుపత్రిలో మాతో పనిచేసే ఒక జులూ నర్సుకు చెప్పాం. ఆవిడ ఆశ్చర్యపోలేదు. "మాకూ అదే కథ, ఇంకోవైపు నుంచి" అంది. వాళ్ళ ఆచారంలో ఇంటి పెద్దకొడుకే వారసుడు. కాని, "మా తాతల కాలంలో ఇల్లు ఎవరిదో, ఆ ఇంట్లో ఆకలి కూడా వాడిదే. తండ్రి భార్యలనూ, చెల్లెళ్ళనూ పోషించకపోతే పితృదేవతలు ఊరుకోరని భయం ఉండేది" అంది. తెల్లదొరలు వచ్చి ఆ ఆచారాన్ని పుస్తకంలోకి ఎక్కించారు. 1891 నాటి నేటాల్ కోడ్ ఆడదాన్ని ఎన్నేళ్ళు వచ్చినా మైనరుగానే ఉంచింది. 1927 చట్టం దేశమంతటా నల్లవారి ఆస్తిని మగవారసుడి చేతిలో పెట్టింది. హక్కును కాగితం మీదికి తెచ్చారు గాని, దాని వెనకనున్న బరువును తేలేదు. పితృదేవతల భయాన్ని ఏ గుమాస్తా రిజిస్టరులో వ్రాస్తాడు?

దాని ఫలితం 2002లో కేప్ టౌన్ పక్కనున్న ఖయెలిట్షాలో కనిపించింది. ఒక వడ్రంగి చనిపోయాడు. ఆయనతో కాపురం చేసిన ఇళ్ళ పనిమనిషి, ఇద్దరు ఆడపిల్లలు ఒక చిన్న పాకలో మిగిలారు. మగపిల్లవాడు లేడు గనుక వారసుడు వడ్రంగి తండ్రి అయ్యాడు. ఆ స్థలం అమ్మి అంత్యక్రియల ఖర్చు తీర్చుకుంటానన్నాడాయన. ఆ తల్లి పిల్లల తరఫున కోర్టుకెక్కింది. రాజ్యాంగ న్యాయస్థానం 2004 అక్టోబరులో మగవారసత్వపు నియమాన్ని కొట్టివేసి, పిల్లలకే ఆస్తి దక్కేలా చేసింది. ఆచారం చెడ్డదని న్యాయమూర్తులు అనలేదు. కాలంతోపాటు కదిలే ఆచారాన్ని చట్టం గడ్డకట్టించిందన్నారు.

ఇదంతా విని మనం వాళ్ళకంటే ముందున్నామని అనుకోనక్కరలేదు. మన ఆంధ్రదేశంలో ఉమ్మడి ఆస్తిలో పెళ్ళికాని కూతురికి కొడుకుతో సమంగా వాటా ఇచ్చిన చట్టం వచ్చింది 1986లోనే.

చట్టమూ మతమూ కలిస్తే చాలు, మేలు దానంతటదే జరుగుతుందని కూడా మేము అనడం లేదు. ఈ దేశంలోనే ఆ రెండూ చేతులు కలిపి చేసిన పాపం అందరికీ తెలుసు. 1949లో తెల్లవారికీ ఇతరులకూ పెళ్ళి నిషేధించిన చట్టానికి ఇక్కడి పెద్ద డచ్చి చర్చి అండగా నిలిచింది. 1985లో గాని ఆ చట్టం పోలేదు. అదే దేశంలో, 1996లో, ఆర్చిబిషప్ టూటూ అధ్యక్షుడుగా సత్య విచారణ సంఘం కూర్చుంది. చట్టం ఇచ్చిన అధికారంతో, ప్రార్థనతో మొదలుపెట్టి, కొడుకులను పోగొట్టుకున్న తల్లుల మాట వింది. రెండు సందర్భాల్లోనూ ఉన్నవి చట్టమూ మతమే. తేడా ఒక్కటే. మొదటిది మనుషులను చూడడానికి ఇష్టపడలేదు, రెండోది చూసింది.

ముక్కుపుడక సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మన డర్బన్‌లోనే ఒక దక్షిణ భారత కుటుంబపు అమ్మాయి ముక్కుపుడకతో బడికి వెళితే, నియమం ఒప్పుకోదని తీసెయ్యమన్నారు. 2007లో రాజ్యాంగ న్యాయస్థానం అమ్మాయి పక్షాన తీర్పు చెప్పింది. ముక్కుపుడక శాస్త్రంలో తప్పనిసరి కాకపోయినా, ఇంట్లో అమ్మమ్మ చేతిమీదుగా వచ్చిన నమ్మకానికీ, సంస్కృతికీ విలువ ఉందని చెప్పింది. ఆ రోజు మా ఇంట్లో పాయసం చేసుకున్నాం!

ఇంక అక్క సంగతి. ఆవిడ మరిది నెమ్మదస్థుడే. ఏటా మారెమ్మకు గంజి పోసే మనిషి. కాని ఇల్లు తనకు వస్తుందని ఎవరో చెప్పగానే మారిపోయాడు. లాయరు 2004 నాటి మరో తీర్పు చూపించాడు. ముస్లిం పద్ధతిలో పెళ్ళయిన విధవను కూడా వారసత్వ చట్టం కింద భార్యగానే చూడాలని అందులో ఉంది. హిందువులకు అది వర్తిస్తుందో లేదో అప్పటికి ఎవరూ తేల్చలేదు. కేసు వేస్తే ఏళ్ళు పడుతుంది.

చివరికి ఆ పెళ్ళి చేయించిన ముసలి పంతులుగారు కదిలారు. మరిదిని గుడికి పిలిపించి, అమ్మవారి ఎదుట నిలబెట్టి, "నాయనా, నేను చేయించిన పెళ్ళి అబద్ధమైతే, అదే మంత్రాలతో మీ అమ్మకూ నాన్నకూ చేయించిన పెళ్ళి ఏమవుతుంది?" అని అడిగారు. మరిది చాలాసేపు మాట్లాడలేదు. ఆ వారమే హక్కు వదులుకుంటూ సంతకం పెట్టాడు. మేమే సాక్షులం.

డర్బన్ హైకోర్టు 2008లో, హిందూ పద్ధతిలో ఒకే భార్యగా ఉన్న స్త్రీ కూడా వారసత్వ చట్టం ప్రకారం భార్యే అని తేల్చింది. ముస్లిం వివాహాలను వివాహ, విడాకుల చట్టాలు విస్మరించడం రాజ్యాంగ విరుద్ధమని 2022లో అత్యున్నత తీర్పు వచ్చింది. 2024లో విడాకుల చట్టాన్ని సవరించారు. ప్రతి మెట్టుకూ ఒక ఆడమనిషి కోర్టు గుమ్మం ఎక్కవలసి వచ్చింది.

అక్కను కాపాడింది మతమే కదా అని మీరనవచ్చు. నిజమే. కాని పంతులుగారు అప్పటికి బ్రతికి ఉండడం అదృష్టం. మరిదికి అమ్మవారంటే భయం ఉండడం ఇంకో అదృష్టం. ఒక విధవ అన్నం ముద్ద రెండు అదృష్టాల మీద ఆధారపడరాదు. చట్టం ఉన్నది అందుకే. అలాగని చట్టం ఒక్కటే చాలదు. మంచి తీర్పులు పుస్తకాల్లో ఉన్నా, ఇంట్లో మరిది మనసు మార్చడానికి మళ్ళీ గుడి మెట్లే ఎక్కవలసి వస్తుంది.

కనుక మన సంఘానికి మా మనవి. పెళ్ళి చేయించే పంతులుగారు వివాహాధికారిగా నియమితులయ్యారో లేదో ముహూర్తం పెట్టేటప్పుడే అడగండి. కాకపోతే అధికారి ఎవరో ఒకరిని పందిట్లోకే పిలిపించి, అప్పగింతలకు ముందే సంతకాలు పెట్టించండి. పెళ్ళికి ముందు వేరే ఒప్పందం వ్రాసుకోకపోతే, ఈ దేశపు చట్టంలో భార్యాభర్తల ఆస్తి ఉమ్మడి అవుతుంది. అది తెలిసి నిర్ణయించుకోండి. విల్లు వ్రాయడం అశుభమనుకోకండి. భర్త బ్రతికుండగా వ్రాసేది భార్య బ్రతుకు కోసం.

అక్క ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది. పెళ్ళిపిలుపు తీసుకుని ఎవరు వెళ్ళినా, పసుపు కుంకుమ సంగతి అడగడానికి ముందు, "పుస్తకంలో సంతకం పెడుతున్నారా?" అని అడుగుతుంది. ఆ సంతకం కోసం నూరేళ్ళ క్రితం మన ఆడవాళ్ళు జైలుకెళ్ళారు. మనం పెట్టవలసింది కలం ఒక్కటే.