దూకే చోటు, దిగే చోటు



అమెరికా నుంచి వచ్చి రెండు నెలలైంది. కలిసినవాళ్ళందరూ ఒకటే మాట, "అక్కడి వ్యవసాయం గురించి రాయవయ్యా, వేల ఎకరాల మొక్కజొన్న, ఆ పెద్ద పెద్ద జాన్ డీర్ ట్రాక్టర్లు" అని. మేం వెళ్ళింది మా అమ్మాయి రెండో పురుడికి. వరి కోత అవ్వగానే మినుము సంగతి తమ్ముడికి అప్పజెప్పి డిసెంబర్‌లో వెళ్ళాం, ఏప్రిల్‌లో వచ్చాం. మిన్నెసోటా రాష్ట్రంలో ఆ నాలుగు నెలలూ పొలం అనేది కంటికి కనపడదు. ఎటు చూసినా మంచే. కాబట్టి మొక్కజొన్న సంగతి చూసినవాళ్ళు రాస్తారు. నేను చూసింది ఒక మంచు గుట్ట. దాని గురించే రాస్తున్నా. కాస్త పెద్ద పోస్టు, తీరిక చేసుకుని చదవండి.

మినియాపొలిస్ పక్కనే బ్లూమింగ్టన్ అని ఊరు. అక్కడ హైలాండ్ హిల్స్ అని ఒక గుట్ట ఉంది. కింద నుంచి పైదాకా 175 అడుగులు. మన మంగళగిరి కొండలో సగానికి కూడా రాదు. నడిపేది త్రీ రివర్స్ పార్క్ డిస్ట్రిక్ట్ అనే ప్రభుత్వ సంస్థ. పెద్ద పెద్ద పర్వతాల మీద ఒక్క రోజు టికెట్టే 200 డాలర్లు దాటుతుంది. ఇక్కడ అంత ఉండదు. అందుకే ఉద్యోగస్తుల పిల్లలు, పనివాళ్ళ పిల్లలు, వలస వచ్చినవాళ్ళ పిల్లలు అందరూ కనపడతారు. బడి అయిపోగానే వచ్చి, రాత్రి లైట్ల కింద ఆడతారు. మా మనవడికి పన్నెండేళ్ళు. వారానికి మూడు రోజులు అక్కడే. వాణ్ణి దింపడం, తీసుకురావడం మా అల్లుడి పని. చలి అలవాటయ్యాక నేనూ వెనకాల బయల్దేరేవాణ్ణి.

మంచు మీద జారడం మనం సినిమాల్లో చూసిందే. రెండు కాళ్ళకీ రెండు పొడుగు పలకలు కట్టుకుంటే స్కీ. రెండు కాళ్ళూ ఒకే పలక మీద అడ్డంగా బిగించుకుంటే స్నోబోర్డు. ఈ గుట్టలో ఒక పక్క మాత్రం ఉత్తినే జారడానికి కాదు. మంచుతో కట్టిన దిబ్బలు, ఇనప గొట్టాలు, బల్లల్లాంటి పెట్టెలు వరసగా ఉంటాయి. పిల్లలు జారుకుంటూ వచ్చి గొట్టం మీదికి ఎక్కి దాని మీదుగా జారతారు, దిబ్బ మీంచి గాల్లోకి లేచి తిరిగి కింద దిగుతారు. దీన్ని టెర్రైన్ పార్క్ అంటారు. గాల్లో ఎంత తిరిగితే ఆ లెక్కే పేరు. సగం చుట్టు 180, పూర్తి చుట్టు 360, ఒకటిన్నర చుట్లు 540. కుడి కాలు ముందు పెట్టి జారేవాణ్ణి 'గూఫీ' అంటారు. మా వాడు గూఫీయే. మొదట ఆ మాట విని తిట్టేమో అనుకున్నా.

పైకి వెళ్ళడానికి ఒక మోకు ఉంటుంది. మోకు అంటే నిజంగా మోకే, లావుపాటిది. మోటారు మీద ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకుంటే గుట్ట పైకి లాక్కెళ్తుంది. కుర్చీ లిఫ్టు కన్నా ఇది గబగబా తీసుకెళ్తుంది, గుట్టా చిన్నదే. అందుకని సాయంత్రం పూట ఒక పిల్లాడు ఎన్నిసార్లు పైకెళ్ళి కిందికొస్తాడో లెక్కే ఉండదు. పెద్ద పర్వతాల పిల్లలు ఒకసారి దిగే లోపల వీళ్ళు అదే గొట్టం మీద నాలుగైదుసార్లు పడి లేస్తారు. ఎన్నిసార్లు చేస్తే అంత చెయ్యి తిరుగుతుంది, మన నాట్ల కూలీలకి మల్లే. ఆ మోకు రాపిడికి మామూలు గ్లవ్స్ ఆగవు. అందుకని చాలామంది కింకో కంపెనీ తోలు గ్లవ్స్ వేసుకుంటారు. అవి అసలు పొలం పనికీ కూలి పనికీ వాడే గ్లవ్స్. ఆటకి పనివాళ్ళ సరుకు వాడటం చూసి ముచ్చటేసింది.

మనకి నచ్చే విషయం ఇంకోటి ఉంది. ఆ మంచులో ఎక్కువ భాగం ఆకాశం నుంచి పడింది కాదు, తయారు చేసింది. గొట్టాల్లో నీళ్ళు ఒత్తిడితో పంపి, గాలి కొట్టి, సన్నటి తుంపరగా పైకి చిమ్ముతారు. మన పవర్ స్ప్రేయర్ నాజిల్ గుర్తు తెచ్చుకోండి, దానికి వంద రెట్లు. ఆ తుంపర కింద పడేలోపు గడ్డకట్టి మంచవుతుంది. దీనికి చలి ఒక్కటే చాలదు, గాలిలో తేమ కూడా తక్కువ ఉండాలి. అందుకే వాళ్ళు మామూలు థర్మామీటరు లెక్క కాకుండా తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు లెక్క చూస్తారు. అది సుమారు మైనస్ 2 డిగ్రీల కన్నా కిందికి దిగితేనే మిషన్లు ఆన్ చేస్తారు. అంటే వాళ్ళూ మనలాగే రాత్రంతా ఆకాశం వంక చూస్తూ కూర్చునేవాళ్ళే!

రాత్రి ఆట అయిపోయాక పెద్ద యంత్రం వస్తుంది. ఈ రకంలో జర్మనీ వాళ్ళ పిస్టెన్‌బుల్లీకి బాగా పేరుంది. చక్రాలుండవు, వెడల్పాటి పట్టాలు. ముందు బ్లేడు, వెనక టిల్లరు. ఆ టిల్లరు చూసి, "ఇది మన రోటావేటరే కదయ్యా!" అన్నా మా అల్లుడితో. గడ్డల్ని పొడి చేసి, వెనక దువ్వెన లాంటి దానితో సన్న చాళ్ళు వేసుకుంటూ పోతుంది. దిబ్బలు కట్టేదీ దానితోనే. యంత్రం వెళ్ళాక మనుషులు రేకులు పట్టుకుని దిగుతారు. దిబ్బ అంచు ఎక్కడ అరిగిందో చూసుకుని చేత్తో సరిచేస్తారు. నారుమడి చదును చేసేవాడు నీళ్ళు పెట్టి ఎత్తుపల్లాలు చూసుకుంటాడే, అచ్చం అదే చూపు.

ఆ దిబ్బ కట్టే పద్ధతి నాకు బాగా పట్టింది. దూకే చోటు మనకి కనపడుతుంది, అందరి కళ్ళూ దాని మీదే ఉంటాయి. పని తెలిసినవాళ్ళు మాత్రం ముందు దిగే చోటు చూస్తారు. దూకే అంచు తర్వాత బల్లపరుపు చోటు, దాని చివర వంపు, ఆ వంపు దాటాక ఏటవాలు. గాల్లోంచి వచ్చినవాడు ఆ ఏటవాలు మీద దిగితే ఒంటి బరువంతా జారుడులోకి పోతుంది, దెబ్బ తెలియదు. అదే మనిషి అదే ఎత్తు నుంచి బల్లపరుపు మీద పడితే మోకాళ్ళు పోతాయి. ఎంత వేగంతో వస్తే ఎంత దూరంలో పడతాడో లెక్కేసుకుని ఏటవాలు కడతారు. అది సరిగ్గా లేకపోతే ఆ రోజు ఆ దిబ్బకి తాడు కట్టి మూసేస్తారు.

ఈ ఆట వచ్చిన దారి కూడా విచిత్రమే. 1965లో క్రిస్మస్ రోజున మిషిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ అనే ఆయన కూతుళ్ళు ఆడుకోవడానికని రెండు స్కీలు కలిపి బిగించాడు. దానికి స్నర్ఫర్ అని పేరు. తర్వాత 1977లో జేక్ బర్టన్ కార్పెంటర్ అనే కుర్రాడు వెర్మాంట్‌లో బోర్డులు చేసే కంపెనీ పెట్టాడు. అప్పట్లో చాలా కొండల మీద స్నోబోర్డు వాళ్ళని రానిచ్చేవాళ్ళు కాదు, అల్లరి మూక అని. యూటాలో ఆల్టా లాంటి చోట్ల ఇప్పటికీ రానివ్వరు. రానిచ్చిన చోట ఈ కుర్రాళ్ళు ఒక పక్కన దిబ్బలు కట్టుకుని, స్కేట్‌బోర్డు వాళ్ళ దగ్గర నేర్చిన విన్యాసాలు మంచు మీద చేశారు. అది చూసి స్కీ పిల్లలకి మనసైంది. 1998లో సాలమన్ కంపెనీ రెండు కొసలూ పైకి వంగిన స్కీ తెచ్చింది, వెనక్కి కూడా జారొచ్చు. దాంతో స్కీ వాళ్ళే వచ్చి స్నోబోర్డు వాళ్ళ పార్కులో చేరారు. స్నోబోర్డు 1998లో నాగానో ఒలింపిక్స్‌లోకి వచ్చింది, ఈ దిబ్బలూ గొట్టాల పోటీ 2014లో సోచిలో వచ్చింది. మన దేశంలోనూ గుల్మార్గ్‌లో జరిగే ఖేలో ఇండియా శీతాకాల ఆటల్లో స్నోబోర్డు పోటీ ఉంది. ఎవరినైతే గుట్ట ఎక్కనివ్వలేదో వాళ్ళు కట్టుకున్న చోటికే చివరికి అందరూ వచ్చారు.

ఇక అసలు సంగతి. పార్కు మొదట్లో నారింజ రంగు కోడిగుడ్డు ఆకారం గుర్తు ఉంటుంది, పక్కనే నియమాలు. చిన్నదానితో మొదలుపెట్టు, ఏం చేస్తావో ముందే అనుకో, దూకే ముందు చూసుకో, పక్కవాణ్ణి గౌరవించు, నీ శక్తి తెలుసుకుని నిదానంగా ఆడు. ఇంతే. దిబ్బ పైన పిల్లలు వరసలో నిలబడతారు. వంతు వచ్చినవాడు 'డ్రాపింగ్' అని గట్టిగా అరిచి బయల్దేరతాడు. నేను వస్తున్నా, అడ్డం రాకండి అని. ఎవడైనా పడితే నవ్వరు. 'యో!' అని అరిచి చేతులు ఊపుతారు. ఒక రోజు కూర్చుని లెక్కపెట్టా. మా వాడు 360 కోసం పద్నాలుగుసార్లు పడ్డాడు. పద్నాలుగుసార్లూ ఎవరో ఒకరు ఏదో ఒక మాట చెప్పారు. "తల ముందు తిప్పు", "తొందరపడకు", "ఈసారి దగ్గరికొచ్చావ్" అని. చెప్పినవాళ్ళు కోచ్‌లు కాదు, వాడి కన్నా రెండు మూడేళ్ళు పెద్ద పిల్లలు.

ఫిబ్రవరిలో ఒక శనివారం మా వాడు గట్టిగా పడ్డాడు. వేగం చాలక వంపు దగ్గరే పడి, దొర్లుకుంటూ కిందికి పోయాడు. లేవలేదు. పైన నిలబడ్డవాళ్ళకి దిబ్బ అవతల ఏముందో కనపడదు. ఇంకో పిల్లాడు బయల్దేరితే నేరుగా వాడి మీదే పడతాడు. నేను కంచె ఇవతల, కాళ్ళు వణుకుతున్నాయి. ఈలోపు తలకి గుడ్డ చుట్టుకున్న ఒక సోమాలీ పిల్ల, పదిహేనేళ్ళు ఉంటాయేమో, తన ఆట ఆపేసి గబగబా దిబ్బ అంచుకి వచ్చి రెండు చేతులూ తల మీద ఇంటూ గుర్తులా అడ్డం పెట్టి నిలబడింది. పైన వరస మొత్తం ఆగిపోయింది. ఇంకొక కుర్రాడు మా వాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కదలొద్దని చెప్పి పేరు అడుగుతున్నాడు. రెండు నిమిషాల్లో ఎర్ర కోటు వేసుకున్న పెట్రోల్ వాళ్ళు వచ్చారు. వాళ్ళు వచ్చిందాకా ఆ పిల్ల చేతులు దించలేదు.

దేవుడి దయ, మణికట్టు బెణికింది, అంతే. హెల్మెట్ ఉంది కాబట్టి తలకి ఏం కాలేదు. ఈ ఆటలో పెద్ద దెబ్బలు లేవని కాదు. కెవిన్ పియర్స్ అని ఒలింపిక్స్‌కి తయారవుతున్న కుర్రాడు 2009 డిసెంబర్ 31న సాధనలో పడి, మెదడుకి దెబ్బ తగిలి, మళ్ళీ పోటీలకి రాలేకపోయాడు.

ఆ రాత్రి ఇంట్లో పెద్ద గొడవ. చంటిబిడ్డని ఒళ్ళో పెట్టుకుని మా అమ్మాయి ఒకటే ఏడుపు, ఇక వాణ్ణి పంపనని. మా ఆవిడ కూడా కూతురి వైపే. మా అల్లుడు, "మావయ్యగారూ, మీరు అక్కడే ఉన్నారుగా, మీరే చెప్పండి" అన్నాడు. వాడు తలుపు వెనకాల నిలబడి వింటున్నాడు.

నేను చెప్పింది ఒక్కటే. "అమ్మా, వాడు పడకుండా ఉండడు. కానీ పడ్డప్పుడు పైన నిలబడి చేతులు అడ్డం పెట్టేవాళ్ళు ఉన్న చోటే పడ్డాడు. అలాంటి చోటు మళ్ళీ దొరకదు. చెయ్యి బాగయ్యాక వెళ్ళనీ." మా అమ్మాయి వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. డాక్టరు సరే అన్నాక మాత్రం మణికట్టుకి రక్షణ పట్టీలు తనే కొని వాడి సంచిలో పెట్టింది.

అక్కడ కూర్చున్నన్నాళ్ళూ నాకు మన ఊరే గుర్తొచ్చేది. 2021లో మిరపకి నల్ల తామర పురుగు వచ్చిన సంవత్సరం మీకందరికీ గుర్తుంది కదా. మా ఊళ్ళో ఒక కౌలు రైతు నాలుగెకరాలు వేశాడు. పూత మొత్తం పోయింది. అతను ఎవరితోనూ అనలేదు. అడిగితే, "బాగానే ఉందన్నా" అనేవాడు. టీ కొట్టు దగ్గర నవ్వుతూ కూర్చునేవాడు. సంక్రాంతి తర్వాత ఒక రోజు చూస్తే ఇంటికి తాళం. భార్యాబిడ్డల్ని తీసుకుని రాత్రికి రాత్రే వెళ్ళిపోయాడు. బాకీ ఎంతా అంటే, ఊరు కలిసి కూర్చుంటే సర్దుబాటు అయ్యేంతే.

అతను ఎందుకు చెప్పలేదో మనందరికీ తెలుసు. మన దగ్గర పంట పోతే అది పురుగు తప్పో వాన తప్పో కాదు, రైతు చేతగానితనం అంటారు. "వాడికేం తెలుసు వ్యవసాయం" అని ఒక మాట వస్తే, ఆ మాట పిల్ల పెళ్ళి దాకా వెంట వస్తుంది. అందుకని పడ్డవాడు పడలేదన్నట్టు లేచి నడుస్తాడు, విరిగిన కాలుతోనే. పైనున్నవాడికి దిబ్బ అవతల ఏం జరిగిందో తెలియదు. వాడూ అదే విత్తనం, అదే మందు, అదే వడ్డీకి తెచ్చి దూకుతాడు.

ఇంకో మాట. విత్తనం కంపెనీ, మందుల కొట్టు, అప్పు ఇచ్చేవాడు అందరూ మనకి దూకే చోటు బ్రహ్మాండంగా కట్టి చూపిస్తారు. దిగే చోటు ఎవరు కడుతున్నారు? గిట్టుబాటు ధర, కౌలు రైతు చేతికి అందే బీమా, ఒక పంట పోతే రెండో పంటకి నిలబడే తోడు, అవే కదా మన ఏటవాలు. ప్రభుత్వం కట్టాల్సింది ప్రభుత్వాన్ని అడుగుదాం, అడుగుతూనే ఉందాం. మనం చేత్తో సరిచేసుకోగలిగింది కూడా కొంత ఉంది.

అందుకే ఈ ఖరీఫ్ నుంచి మా ఊళ్ళో ఒక పని మొదలుపెట్టాం. ఆదివారం సాయంత్రం పాలకేంద్రం అరుగు మీద పదిమందిమి కూర్చుంటున్నాం. ఎవరి చేలో ఏం పోయింది, ఎంత పోయింది, ఏ మందు పని చెయ్యలేదు, ఎవరికి ఎంత బాకీ, ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవడం. ఒకటే షరతు పెట్టుకున్నాం, చెప్పినవాణ్ణి ఎవరూ ఎగతాళి చెయ్యకూడదు, ఆ మాట అరుగు దాటకూడదు. మొదటి వారం అందరూ వాన గురించే మాట్లాడారు. మూడో వారం ఒక కుర్రాడు నోరు విప్పాడు, నారు మొత్తం ఎండిపోయిందని, మళ్ళీ పోసుకోవడానికి విత్తనాలు లేవని. మర్నాడు పొద్దున్నే ముగ్గురం తలా కొంత నారు ఇచ్చాం. పోయిన బుధవారం అతని చేలో నాట్లు పడ్డాయి.