ఘాటీలకు ఏ బండి?

రాయగడ నుంచి లక్ష్మీపురం మీదుగా కొరాపుట్టు పోయే 326వ నంబరు జాతీయ రహదారికి ఏ బండి నప్పుతుందన్నది మా ఇంట పెద్ద చర్చే అయింది. బేరానికి వచ్చినవి రెండూ పాతవే. బజాజ్ డామినార్ 373 సి.సి., ఆరు గేర్లు. తారురోడ్డు మలుపుల్లో లేడిపిల్లే! రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 సి.సి., గేర్లు అయిదే. కాని నేలకు 220 మిల్లీమీటర్ల ఎత్తు, 21 అంగుళాల ముందుచక్రం. 1672 మీటర్ల దేవమాలి చుట్టుపట్ల రాళ్ళబాటలకు అదే సుఖం. మా మనసూ దానిమీదే.

అయితే అది విశాఖపట్నం బండి. ఆంధ్ర నంబరుతో ఒడిశాలో 12 నెలలు దాటి ఉంచితే ఇక్కడి నంబరు వేయించాలి; అందుకు అక్కడి రవాణా కార్యాలయంవారి నిరభ్యంతర పత్రం కావాలి. అమ్మేవారికి బ్యాంకు అప్పు ఇంకా తీరనేలేదు! డామినార్‌ది రాయగడ నంబరే, కాగితాలన్నీ సక్రమం. దాన్నే తీసుకొని, మజ్జిగౌరమ్మ గుడిముందు నిమ్మకాయలు తొక్కించాం. టైర్లు మాత్రం ఆ వారమే మార్పించాం.