లీలావతి వెదురు - బోధను చెఱకు

సోదరీమణులారా! త్రికోణమితి బాలుర విద్య యనియు, ఆడుపిల్లల కక్కఱలేదనియు ననుకొనుట మన యిండ్లలో వాడుకయైనది. ఆ తలంపును గూర్చియే మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మావారు నిజామాబాదులో నుపాధ్యాయులు. బోధను ప్రాంతమందలి మా యక్కగారి కుమార్తె మాయింట నుండి పదవ తరగతి చదువుచున్నది. సూత్రములన్నియు నొప్పజెప్పును గాని లెక్క యీయగానే కలము నిలిచిపోవును. పరీక్ష గట్టెక్కినంతనే గణితము మాన్పింతునని బావగారు నిశ్చయించిరి. "అదియే మేలు, చిన్నమ్మా" యని పిల్లయు ననినది. ఆ మాట మాకు మిక్కిలి బాధ కలిగించెను.

నాటి ప్రశ్న యిది: ఒక కోణముయొక్క సీకెంటు, టాంజెంటుల మొత్తము 2, సైను ఎంత? మేము బడికి పోయినవారము కాము. తండ్రిగారియొద్ద కావ్యములతోపాటు, 1150లో భాస్కరాచార్యులు రచించిన లీలావతిని చదివితిమి. అందొక వెదురు లెక్క కలదు. 32 మూరల వెదురు గాలికి విఱిగి, దాని కొన మొదటికి 16 మూరల దూరమున నేలను తాకినది. ఎంత యెత్తున విఱిగినది?

కొన నేలను తాకినచోటి కోణమును చూడుడు. వాలిన ముక్కను నేలమీది దూరముచే భాగించిన సీకెంటు. నిలిచిన ముక్కను భాగించిన టాంజెంటు. రెండు ముక్కలును గలిసి 32. దానిని 16చే భాగించిన 2. పిల్ల ప్రశ్నయు, వెదురు లెక్కయు నొకటియే!

సీకెంటు వర్గమునుండి టాంజెంటు వర్గమును తీసివేసిన నెల్లప్పుడును 1 మిగులును. వర్గముల భేదమనగా, మొత్తమును భేదముచే గుణించిన ఫలమే గదా! కావున మొత్తము 2 అయినచో, భేదము దాని వ్యుత్క్రమమగు 1/2. రెంటిని గూడిన సీకెంటునకు రెట్టింపు 5/2; సీకెంటు 5/4. దాని వ్యుత్క్రమమే కొసైను, 4/5. టాంజెంటు 3/4, కొసైనుచే దానిని గుణించిన సైను 3/5. వెదురు 12 మూరల యెత్తున విఱిగినది. వాలిన ముక్క 20 మూరలు. భాస్కరుల రీతియు నిట్టిదే: 16 వర్గమగు 256ను 32చే భాగించిన 8 వచ్చును, అదియే ముక్కల భేదము.

బాలిక కొంతసేపూరకుండి, "చిన్నమ్మా, మా చేనిలో తొమ్మిది జేనల చెఱకు విఱిగి, కొన మొదటికి మూడు జేనల దూరమున తాకినచో?" నని తానే యొక లెక్క కట్టినది. మొత్తము 3, భేదము 1/3. నాలుగు జేనల యెత్తున విఱిగినదని తానే తేల్చినది.

బోధనులో 1937లో నెలకొన్న చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. చెఱకును నమ్ముకొన్న యిండ్ల పిల్లలకు నేడు చదువే పైరు. అందు బాలురకొక చేను, బాలికలకొక గట్టు నేల?

గణితమే చదువుదునని పిల్ల తండ్రికి తానే చెప్పినది. "చూతము" అనిరి బావగారు. మేమును విడువక యడుగుచునే యున్నాము. సోదరీమణులారా! మీ పిల్ల కలము నిలిచిపోయినప్పుడు "నీకెందుకు?" అనక, ప్రక్కన కూర్చుండి యొక వెదురు బొమ్మ గీయుడు.