వావిలాకు వాసన

బళ్ళారి జిల్లాలోని మా సండూరులో వానాకాలమంటే కొండల మీద పచ్చదనం ఒక్కటే కాదు, ఇంట్లో పురుగూ బూజూ కూడా. మబ్బు కొండ దిగి లోయలో కూర్చుంటే బట్టలు రోజుల తరబడి ఆరేవి కావు. బళ్ళారి ఎండల్లోంచి వచ్చిన చుట్టాలు మా చల్లదనాన్ని మెచ్చుకునేవాళ్ళు. ఆ చల్లదనంలో గింజలూ గుడ్డలూ కాపాడుకోవడం ఎంత పనో మా అవ్వకు తెలుసు.

నారిహళ్ళ వాగు గట్టున వావిలి పొదలు దట్టంగా ఉండేవి. జొన్నలు వాడెలో పోసేముందు అవ్వ నన్ను అక్కడికి పంపేది. “లేతది వద్దురా, ముదురాకు తే” అనేది. తెచ్చిన ఆకును నీడలోనే ఆరబెట్టేది. ఎండ తగిలితే ఆకులోని నూనె ఆవిరైపోతుంది, అది పోయాక పురుగుకు భయం లేదు. ఆరిన ఆకు ఒక వరస, జొన్నలు ఒక వరస, అన్నిటి పైనా వేపాకు. పక్కింటి కన్నడామె ఆ వావిలినే లక్కి అనేది, బాలింత స్నానానికి కాచే నీళ్ళలో వేసేది.

పట్టుచీరల పెట్టెలో వసకొమ్ములుండేవి. మూత తీస్తే ఘాటైన వాసన ముక్కుకు తగిలేది. ఆ కొమ్మునే అరగదీసి పసిపిల్లల నాలుకకు రాసేవాళ్ళు. అది మాత్రం ఇప్పుడు ఎవరూ చేయొద్దంటాను. వస నూనెలోని అసరోన్ ఎలుకల్లో కాన్సర్ పుట్టించిందని తేలి, అమెరికా 1968లోనే దాన్ని తిండి పదార్థాల్లో నిషేధించింది. చీరల పెట్టెలో ఉంటే చాలు.

తామర లేస్తే వాము నూరి పట్టించేవాళ్ళు. వాము నూనెలో ఉండే థైమాల్ బూజునూ తామరనూ పుట్టించే శిలీంధ్రాల్ని చంపుతుంది. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు మన వాము ఓడలెక్కి జర్మనీకి పోయేది, అక్కడ థైమాల్ తీసేవారు. తాటాకు గ్రంథాలకు నిమ్మగడ్డి నూనె పూసేదీ ఇందుకే. ఆకు మెత్తబడుతుంది, పురుగూ బూజూ దగ్గరికి రావు. తాళపత్రాలు దాచే గ్రంథాలయాల్లో ఆ పద్ధతి నేటికీ ఉంది.

సందెవేళ కుంపట్లో నిప్పుల మీద వేపాకూ సాంబ్రాణీ వేసి గదిగదికీ తిప్పేవాళ్ళు. దోమ పోయేది, మా కళ్ళూ మండేవి. తర్వాత డీడీటీ మనుషులొచ్చారు. గోడలకు మందు కొట్టి, తలుపు పక్కన తేదీ రాసి పోయేవారు. అవ్వకు ఆ వాసన గిట్టేది కాదు. కానీ న్యాయంగా చెప్పాలి. స్వాతంత్ర్యం నాటికి దేశంలో ఏటా 7.5 కోట్లమందికి మలేరియా సోకేదని అంచనా. 1965 నాటికి అది లక్షకు దిగింది. ఆ పని వేపాకు పొగ వల్ల అయ్యేది కాదు.

ఆకు నూనెల బలమూ బలహీనతా ఒకటే, గాలిలో కలిసిపోవడం. ఒంటికి రాసుకున్న నిమ్మగడ్డి నూనె గంటో రెండు గంటలో దోమను ఆపుతుంది, మళ్ళీ రాసుకోవాలి. అందుకే వీటిని వాడటానికి ఇంట్లో తీరికా ఓపికా ఉన్న మనిషి కావాలి. అవ్వలు పోయాక ఆ పని ఎవరూ అందుకోలేదు. అయినా ఈ నూనెలన్నీ ఒక్క తీరుగా ఉండవు. నిమ్మవాసన నీలగిరి నూనె నుంచి వచ్చిన మందును 2005లో అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ దోమలు కుట్టకుండా వాడమని సిఫార్సు చేసింది. మూడేళ్ళలోపు పిల్లలకు మాత్రం వద్దంది.

తర్వాత మా కొండల్లో గనుల హోరు పెరిగింది. ఇనుప రాయి లారీలు రాత్రీ పగలూ తిరిగాయి. దారి పక్క ఏ ఆకు తుంచినా వేళ్ళకు ఎర్రమన్ను అంటేది. అలాంటి ఆకును గింజల్లో ఎవరు వేస్తారు? 2011లో సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో తవ్వకాలు ఆపింది, తర్వాత షరతులతో అనుమతించింది. తవ్విన నేలను బాగుచేసి మొక్కలు పెంచాలన్నది ఆ షరతుల్లో ఒకటి. ఆ మొక్కలు నాటేవాళ్ళకు ఒక విన్నపం: వావిలి వేళ్ళు మట్టిని గట్టిగా పట్టుకుంటాయి, పశువులు దాన్ని అంతగా ముట్టవు, కొమ్మ గుచ్చినా బతుకుతుంది. మీ జాబితాలో దానికీ చోటివ్వండి.