నాయన ఫైలు

నాయన కదిరి మాటలు పోగుచేసేవాడు. శెనక్కాయల మండీలో, నరసింహస్వామి తేరునాడు జనంలో చెవినపడినవన్నీ యాక్సెస్ 97లో ఎక్కించాడు: మాట, అర్థం, ఊరు, చెప్పినవారు. ఆయన పోయిన రెండేళ్ళకి, బెంగళూరు నుంచి పండక్కి వెళ్ళినప్పుడు ఆ ఎండీబీ ఫైలు నా ల్యాప్‌టాప్‌లో తెరవబోయాను. తెరుచుకోలేదు.

డేటాబేసులతోనే నా ఉద్యోగం. ముందు నకలు తీసుకున్నాను. అసలు ఫైలు మీదే రిపేరు మొదలుపెడితే ఉన్నదీ పోవచ్చు. పక్కన మిగిలిపోయిన లాక్ ఫైలు తీసేశాను. కంపాక్ట్ అండ్ రిపేర్ నడిపాను. ఊహూఁ. అప్పుడు గానీ మెసేజి నిదానంగా చదవలేదు. ఫైలు చెడిపోలేదు, పాతబడిందంతే. 97 నాటి ఫైళ్ళని యాక్సెస్ 2013 నుంచి తెరవదు. 2010 వెర్షన్ సంపాదించి కొత్త ఫార్మాట్‌లోకి మార్చాను.

తెరుచుకుంది. లోపల తెలుగు లేదు, అన్నీ పిచ్చి గుర్తులు. యాక్సెస్‌కి యూనికోడ్ వచ్చింది 2000 వెర్షన్‌తో. అంతకుముందు అందులో తెలుగంటే ఫాంటు వేసిన వేషమే. అటక మీది పాత సీపీయూలో ఆ ఫాంటు దొరికింది. వేయగానే మొదటి వరసలో ‘ఊరిబిండి’.

చెప్పినవారి గడి చూస్తూ కిందికి పోయాను. మండీ హమాలీ, తేరు లాగినాయన, అక్కడక్కడా. మిగతా వందల వరసల్లో ఒకటే: ‘ఇంటామె’.

అమ్మని పిలిచి చూపించాను.

“ఇన్ని దినాలు దీనికేనా తిప్పలు పడింది? నన్నడిగింటే చెప్తాంటి కదరా.”

నిజమే. ఫైలునే అడిగాను, అమ్మని అడగలేదు.

ఆ రాత్రి కొత్త వరస తెరిచి, ఆమె పక్కన కూర్చున్నాను.