కూలికి కాదు, కూటికి

నాలుగేళ్ల పిల్లాడికి "తోటకూర తింటే రక్తం పడుతుంది నాన్నా" అని చెప్పి చూడండి. బుద్ధిగా తలూపుతాడు, కూర మాత్రం కంచం అంచుకి నెట్టేస్తాడు. దివిసీమలో అంగన్‌వాడీ టీచరుగా నాకు అర్థమైంది ఒకటే. ఈ వయసులో తిండి గురించి ఎంత చెప్పినా ఒరిగేది తక్కువ. ఆ తిండి తయారయ్యే పనిలో చెయ్యి పెట్టనిస్తే మాత్రం నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

మా సెంటరు నాగాయలంక వైపు. చుట్టూ వరి చేలు, అవి దాటితే రొయ్యల చెరువులు. ఇలాంటి ఊళ్లో పిల్లలకి కొడవలి తెలీదంటే బందరు వాళ్లు కూడా నమ్మరు. ఎలా తెలుస్తుంది? కోతకి మిషను దిగుతుంది, పూట తిరిగేసరికి ధాన్యం ట్రాక్టరులో ఉంటుంది. కుప్పలూ నూర్పిళ్లూ తగ్గిపోయాయి. చేటలు అటకెక్కాయి.

గోడ మీద చార్టు ఉంది. నాగలి, పార, గునపం, కొడవలి, అన్నిటికీ వేలు పెట్టి పేర్లు చెప్తారు. కానీ బొమ్మకి బరువుండదు. అందుకే సామాను ఇళ్ల నుంచే తెప్పిస్తాను. ముందు చేట, దానికి పదునుండదు కాబట్టి. గుప్పెడు మినుములు పోసి ఇస్తే మొదట్లో సగం ఒళ్లోనే చెరుగుకుంటారు. నాలుగు రోజులకి తాలు ముందుకి ఎగిరిపోవడం, గట్టి గింజ వెనక నిలవడం కనిపెడతారు. మట్టిబెడ్డలు ఏరే వేళ్లకే రేపు బలపం పట్టే బలం వస్తుంది. తర్వాత కొలతలు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఎక్కాలు రాని పిల్లలకి రెట్టింపు అంటే ఏమిటో చేతికి తెలుస్తుంది.

కొడవలి నా చేతిలోనే ఉంటుంది. దుబ్బు ఎడం చేత్తో ఎలా పట్టుకోవాలో చూపించడానికి ఒక మామ్మగారిని పిలిచాను. ఆవిడ వయసంతా కోతల్లో గడిచింది. వస్తూనే అడిగింది: "ఏవమ్మా టీచరమ్మా, వీళ్లని కూడా కూలికి పంపుతావా ఏంటి?"

"కూలికి కాదు మామ్మా, కూటికి" అన్నాను.

తల్లులూ ఇదే అడుగుతారు. మట్టిపని మేం పడింది చాలు, పిల్లలకి నాలుగక్షరాలు చెప్పండి అంటారు. అది న్యాయమైన మాట. అందుకే ఇది పని నేర్పడం కాదని ప్రతి ఏడూ విప్పి చెప్తాను. చేట ఆడపిల్లలకీ పార మగపిల్లలకీ పంచే అలవాటు ఇంటి దగ్గరే వచ్చేస్తుంది కనక, నేను కావాలనే తారుమారు చేస్తాను. 1975 అక్టోబరు 2న అంగన్‌వాడీల పథకం మొదలైనప్పుడే ఆటపాటల చదువునీ పౌష్టికాహారాన్నీ ఒకే చోటికి తెచ్చారు. రిజిస్టర్లలో వేరే పేజీలైనా, పిల్లాడికి రెండూ ఒకటే పూట.

మా డెల్టా పద్ధతిలోనే ఒక మంచి పాఠం ఉంది. వరి కోతకి రెండు మూడు రోజుల ముందు నిలిచిన చేలోనే మినుము చల్లుతారు. నేలలో మిగిలిన తడికీ మంచుకీ అది పండుతుంది. ఒకే మడి అన్నాన్నీ పప్పునీ ఇస్తుంది. బియ్యంలో తక్కువైన మాంసకృత్తుల భాగం పప్పు భర్తీ చేస్తుందని తల్లులకి చెప్తాను. పిల్లలకైతే వరి దుబ్బు పక్కన మినప మొక్క చూపిస్తే చాలు.

మా సెంటరు పెరటి మడి సంగతి వేరు. బోరు నీళ్లు ఉప్పన. బియ్యం, పప్పు కడిగిన నీళ్లే మోసి పోస్తారు. నెల తిరిగేసరికి తోటకూర పీకే రోజు వస్తుంది. తాము పీకిన మొక్క పప్పులో ఎక్కడుందో వెతుక్కుంటూ తింటారు. అందరూ తింటారని చెప్పను. వాసనకే మొహం తిప్పేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ ఉంటారు, వాళ్లని బలవంతపెట్టను. మొక్కకి నీళ్లు పొయ్యడం మాత్రం మానిపించను.

ఇదంతా ఎందుకంటే, పిల్లల పోషణ చూడటానికి జబ్బ కొలిచే టేపు మీద 11.5 సెంటీమీటర్ల లోపు ఎరుపు, 12.5 దాకా పసుపు, ఆపైన ఆకుపచ్చ. పసుపులో ఉన్న బిడ్డని చార్టు గట్టెక్కించదు. గుడ్డు, పప్పు, ఆకుకూర రోజూ కడుపులోకి వెళ్లాలి. ఇంటి దగ్గర మాత్రం బడి నుంచి రాగానే సాసర్లో టీ, అందులో బిస్కెట్టు. తిన్న వెంటనే టీ తాగితే ఆకుకూరలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. అదే కూరలో నిమ్మకాయ పిండితే బాగా పడుతుంది.

అందుకే తల్లుల సమావేశంలో నేను అడిగేవి ఇవే. పిల్లలకి టీ మానిపించండి. వంటకి ముందు ఓ ఐదు నిమిషాలు చేట వాళ్ల చేతికివ్వండి. నేల మీద పడ్డ గింజలు వాళ్ల చేతే ఎత్తించండి.