ఆ పన్నెండు గంటలు

డ్రైవింగ్ లైసెన్సు కోసం నేను ‘ఎనిమిది’ వేయలేదు. ఏజెంటు చేతిలో డబ్బులు పెట్టి, ఫొటో దిగి, టీ తాగి వచ్చేశాను. ఏళ్ల తరబడి దాన్ని జేబులో పెట్టుకుని స్కూటర్ నడిపినా తప్పు చేశాననిపించలేదు. అనిపించేలా చేసింది మా అమ్మాయి.

ఇంటర్ ఎంపీసీ అవగానే పైలట్ అవుతానంది. ఎకరం పొలం అమ్మి, మిగతాది బ్యాంకులో అప్పు తెచ్చి, 2009లో పక్క రాష్ట్రంలోని ఓ ఫ్లయింగ్ స్కూల్లో చేర్పించాను. కమర్షియల్ పైలట్ లైసెన్సు రావాలంటే 200 గంటలు విమానం నడపాలి. నావిగేషన్, వాతావరణం, నిబంధనలు... ఒక్కో పేపర్లో 70 శాతం రావాలి. పరీక్షలన్నీ గట్టెక్కింది. గంటలే కదల్లేదు. ఒకరోజు మబ్బులు, ఇంకోరోజు విమానం రిపేరు. ఉన్న రెండు సెస్నాలకు ముప్ఫై మంది పిల్లలు. 188 దగ్గర మూడు నెలలు ఆగిపోయింది. ఇక్కడ వడ్డీ మాత్రం ఆగలేదు.

ఓరోజు స్కూలు నుంచి ఫోను.

“పన్నెండు గంటలే కదండీ, లాగ్‌బుక్‌లో రాసేద్దాం. అందరూ చేసేదే.”

నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే అమ్మాయికి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

“నాన్నా, అందులో రాత్రిపూట నడపాల్సిన 5 గంటలూ ఉన్నాయి. చీకట్లో పదిసార్లు నేనే లేపాలి, పదిసార్లు నేనే దింపాలి. నేల ఎంత దూరంలో ఉందో కంటికి తెలీదు. రన్‌వే దీపాలే ఆధారం. రేపు నా వెనకాల నూట ఎనభై మంది కూర్చుంటే, ఉత్తినే రాసుకున్న గంటలు విమానాన్ని దింపుతాయా?”

“మరి వడ్డీ ఎవరు కడతారే?” అని అరిచి ఫోను పెట్టేశాను.

నెల రోజులు మా మధ్య మాటల్లేవు. మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి హాస్టలు ఫీజు పంపిందని తర్వాత తెలిసింది. ఆ పన్నెండు గంటలకు మరో నాలుగు నెలలు పట్టింది.

2011లో, నకిలీ మార్కుల మెమోలతో లైసెన్సులు సంపాదించిన పైలట్లను అరెస్టు చేశారని పేపర్లో చదివాను. చేతిలో కాఫీ చల్లారిపోయింది. అరెస్టుల సంగతి అటుంచి, వాళ్ల విమానాల్లో పిల్లాపాపలతో కూర్చున్నవాళ్లు గుర్తొచ్చారు. ఆ రోజే అమ్మాయికి ఫోన్ చేశాను. తప్పయిపోయిందని చెప్పడానికి నోరు రాలేదు. “తిన్నావా తల్లీ?” అన్నాను. దానికి అర్థమైంది.

ఉద్యోగమూ తేలిగ్గా రాలేదు. ఎయిర్‌బస్ నడపడానికి విడిగా టైప్ రేటింగ్, దానికి మళ్లీ అప్పు. ఇప్పుడు కెప్టెన్. అయినా ఆరు నెలలకోసారి సిమ్యులేటర్లో పరీక్ష తప్పదు.

ఏటా దసరాకు మా ఆవిడ సరస్వతి పూజలో పుస్తకాల పక్కన ఆ పాత లాగ్‌బుక్ కూడా పెడుతుంది. మొన్న తెరిచి చూశాను. రాత్రి నడిపిన గంటలన్నీ వరసగా, నిమిషాలతో సహా ఉన్నాయి. దాని పక్కన నా లైసెన్సు కూడా పెట్టబోయి, మళ్లీ జేబులోనే దాచేసుకున్నాను.